అమ్మానాన్నల జబ్బు ఏ దేశం ఖాతాలో?

కూతురి పురిటికో, కొడుకు గృహప్రవేశానికో అమెరికా బయల్దేరే తల్లిదండ్రుల పెట్టెలో ఆవకాయతో పాటు ఆరు నెలలకు సరిపడా బీపీ, షుగరు మాత్రలు ఉంటాయి. ఇన్సూరెన్సు ఏజెంటు ఫోన్లో "ఏమైనా జబ్బులున్నాయా అండీ?" అని అడిగితే మాత్రం "ఏమీ లేవండీ, బీపీ షుగరే, అవి అందరికీ ఉండేవేగా" అంటారు. అబద్ధం చెప్పాలని కాదు. మన ఇళ్లలో ఆ రెండూ జబ్బుల కింద జమకావు. బీమా కంపెనీ మొదట చూసేవి మాత్రం అవే.

పరాయి దేశంలో ఉండే పెద్దవాళ్ల ఆరోగ్య బీమా గురించి ఎక్కడ మాట వచ్చినా ఏ కంపెనీ మంచిది, ఏ ప్లాను చవక అన్న దగ్గరే తిరుగుతుంటుంది. నన్నడిగితే అది చివర అడగాల్సిన ప్రశ్న. ఆ దేశంలో మీ హోదా ఏమిటి, అక్కడ స్థిరపడి ఎన్నాళ్లయింది అన్నవి ముందు తేలాలి. ఆ రెండూ తేలితే కొనడానికి మిగిలే ప్లాన్లు ఒకటో రెండో ఉంటాయి. ఆ తర్వాత ఇంట్లో కూర్చుని నిజాయితీగా మాట్లాడుకోవాల్సింది మరొకటుంది: ఉన్న పాత జబ్బు ముదిరితే వైద్యం అక్కడా, ఇక్కడా? చాలా ఇళ్లలో ఈ మాట విమానం ఎక్కేముందు రాదు, ఐసీయూ బయట వస్తుంది.

అమెరికాతోనే మొదలుపెడదాం. తెలుగు తల్లిదండ్రులు ఎక్కువగా వెళ్లేదీ, బిల్లు చూసి గుండె ఆగేదీ అక్కడే కదా. విజిటర్ వీసా మీద వెళ్లినవాళ్లకు మామూలుగా ఆరు నెలల వరకు ఉండనిస్తారు. వాళ్లకు అక్కడి ప్రభుత్వ పథకాలేవీ వర్తించవు. ఒబామా కాలంలో వచ్చిన చట్టం కింద నడిచే మార్కెట్‌ప్లేస్‌ పాలసీలు ఆ దేశంలో నివాసం ఉండేవాళ్లకే తప్ప చుట్టపుచూపుగా వచ్చినవాళ్లకు ఇవ్వరు. "ఎమర్జెన్సీ అయితే ఏ ఆసుపత్రీ కాదనకూడదట కదా" అని ధైర్యం చెప్పుకునేవాళ్లున్నారు. 1986 నాటి చట్టం ఒకటి ఉన్నమాట నిజమే. ఎమర్జెన్సీకి వచ్చిన మనిషిని డబ్బు సంగతి చూడకుండా పరీక్షించాలి, ప్రాణాపాయం లేని స్థితికి తేవాలి. బిల్లు వేయకూడదని ఆ చట్టం ఎక్కడా అనలేదు.

కాబట్టి మిగిలేది విజిటర్ ఇన్సూరెన్సు. ఇందులో రెండు రకాలున్నాయి, రెంటి మధ్య తేడా చాలామందికి క్లెయిము రోజునే తెలుస్తుంది. మొదటిది ఫిక్స్‌డ్ రకం. మంచానికి రోజుకింత, డాక్టరు చూస్తే ఇంత, ఎమర్జెన్సీ గదికి ఇంత అని ముందే రాసి ఉంటుంది. రెండోది కాంప్రిహెన్సివ్. డిడక్టిబుల్ పోగా మిగిలినదాన్ని ఒక నిష్పత్తిలో పంచుకుంటుంది. ఒక లెక్క వేసి చూద్దాం. తాతయ్యకు న్యుమోనియా వచ్చి మూడు రోజులు ఆసుపత్రిలో ఉన్నారు, బిల్లు 40,000 డాలర్లయిందనుకోండి. ఫిక్స్‌డ్ ప్లాను రోజుకు 1,500 చొప్పున 4,500, పైన డాక్టర్ల పేరిట, ఎమర్జెన్సీ పేరిట మరో వెయ్యీ పదిహేను వందలూ ఇస్తుంది. మిగతా 34,000 పైచిలుకు మీవి. అదే 250 డాలర్ల డిడక్టిబుల్ ఉన్న కాంప్రిహెన్సివ్ ప్లానయితే ముందు ఆ 250 మీరు కడతారు, తర్వాతి 5,000లో 20 శాతం, అంటే 1,000 కడతారు, పాలసీ పరిమితి దాకా మిగిలిందంతా కంపెనీది. మొత్తం 1,250తో బయటపడతారు. ప్రీమియం రెండోదానికి ఎక్కువే. కానీ ఫిక్స్‌డ్ ప్లాను కొని "ఇన్సూరెన్సు తీసుకున్నాం" అనుకోవడం కంటే, తీసుకోలేదని తెలిసి జాగ్రత్తగా ఉండటం మేలేమో అనిపిస్తుంది నాకు.

వయసు పెరిగేకొద్దీ ఈ ప్లాన్లు ముడుచుకుపోతాయి. 70 దాటాక పరిమితి తగ్గుతుంది. 80 దాటినవాళ్లకు మొత్తం 10,000 డాలర్లకే కుదించే ప్లాన్లూ ఉన్నాయి. పైన చెప్పిన న్యుమోనియాకు అది ఒక్క రోజుకు సరిపోదు.

ఇక అసలు మెలిక పాత జబ్బు దగ్గర ఉంది. దాదాపు ప్రతి మంచి విజిటర్ పాలసీ కరపత్రంలోనూ 'అక్యూట్ ఆన్‌సెట్ ఆఫ్ ప్రీ ఎగ్జిస్టింగ్ కండిషన్స్' అన్న మాట పెద్దక్షరాల్లో కనిపిస్తుంది. అమ్మేవాళ్లు దాన్ని "పాత జబ్బులకూ కవరేజీ ఉందండీ" అని చెప్పేస్తారు. పాలసీ కాగితంలో ఉన్నది వేరు. ఆ జబ్బు హఠాత్తుగా, ముందస్తు సూచన ఏదీ లేకుండా తిరగబెట్టాలి. మొదలైన 24 గంటల్లోపు వైద్యానికి వెళ్లాలి. మెల్లగా ముదిరే జబ్బయితే వర్తించదు. ప్రయాణానికి ముందే డాక్టరు చెప్పి ఉన్న పరీక్షలకూ, ఆపరేషన్లకూ వర్తించదు. కొన్ని ప్లాన్లు వయసు పరిమితి పెట్టి ఆ పైవాళ్లకు ఈ వెసులుబాటే తీసేస్తాయి.

ఇది కాగితం మీద ఒకలా, డాలస్‌లోని ఒక ఎమర్జెన్సీ గదిలో మరొకలా ఉంటుంది. డెబ్భై దగ్గర పడిన మనిషి, పదేళ్లుగా బీపీ, ఛాతీ పట్టేసింది. కొడుకు తీసుకెళ్లాడు. నర్సు అడుగుతుంది, కొడుకు తండ్రి వైపు తిరిగి తెలుగులో అడుగుతాడు. "నెల నుంచీ ఆయాసంగానే ఉందిరా, నీకు చెప్తే ఖర్చని ఊరుకున్నా" అంటాడాయన. కొడుకు అదే ఇంగ్లీషులో చెబుతాడు. చెప్పి తీరాలి కూడా, డాక్టరుకు అబద్ధం చెబితే ప్రాణం మీదికొస్తుంది. నర్సు కంప్యూటర్లో 'నెల రోజులుగా' అని నమోదు చేస్తుంది. రెండు నెలల తర్వాత క్లెయిము చూసే మనిషి ఆసుపత్రి రికార్డుల్లో వెతికేది సరిగ్గా ఆ మాటనే. నెల రోజులుగా ఉన్నది హఠాత్తుగా వచ్చినట్టు కాదు. బిల్లుకు భయపడి దాచుకున్న ఆ నెల రోజులే బిల్లు మీద పడేట్టు చేశాయి. విజిటర్ ఇన్సూరెన్సు గురించి పిల్లలు తల్లిదండ్రులకు చెప్పాల్సిన మాట ఏదైనా ఉంటే అది డిడక్టిబుల్ గురించి కాదు, ఒంట్లో తేడాగా ఉంటే అదే రోజు చెప్పమని.

ఇండియాలో కొనే ట్రావెల్ పాలసీ మేలా, అమెరికా కంపెనీది మేలా? ఇండియాది రూపాయల్లో చవగ్గా వస్తుంది, బయల్దేరకముందే కొనాలి, పాత జబ్బులను ప్రాణాపాయ స్థితిలో తప్ప దగ్గరికి రానివ్వదు. అమెరికా ప్లాను దిగాక కూడా కొనొచ్చు. నేను అమెరికా కంపెనీ ప్లానుకే ఓటేస్తాను. కారణం ఒకటే: ఆసుపత్రి బిల్లింగు గుమాస్తాకు తెలిసిన నెట్‌వర్క్ పేరు కార్డు మీద ఉంటే బిల్లు నేరుగా కంపెనీకి పోతుంది. తెలియని పేరయితే బిల్లు మొత్తం ఇంటికొస్తుంది, కట్టి తర్వాత తిరిగి రాబట్టుకోవాలి. పాత జబ్బులకు నిజంగానే వర్తించే ప్లాన్లు కొన్ని ఉన్నాయి కానీ వాటి ప్రీమియం ఎక్కువ, ఆ భాగానికి విడిగా డిడక్టిబుల్, విడిగా చిన్న పరిమితి. గుండెకు స్టెంట్లు పడ్డవాళ్లూ, కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లూ అమెరికాలో ఏ విజిటర్ ప్లానును నమ్ముకున్నా అది జారిపడి కాలు విరిగితే పనికొస్తుందంతే. వాళ్లకు అసలు రక్షణ తారీఖు మార్చుకోగలిగే రిటర్న్ టికెట్టూ, ఇండియాలో ప్రీమియం కడుతూ బతికించుకున్న పాలసీనూ.

ఏ బీమా లేకుండా బిల్లు వచ్చి పడితే దారులు పూర్తిగా మూసుకుపోవు. లాభాపేక్ష లేని ఆసుపత్రులన్నిటికీ ఆర్థిక సహాయ విధానం ఉండాలని అక్కడి చట్టం చెబుతోంది. మొదటి బిల్లు వచ్చిన 240 రోజుల దాకా దరఖాస్తు తీసుకోవాలి. విజిటర్లకు వర్తిస్తుందా లేదా అన్నది ఆసుపత్రిని బట్టి ఉంటుంది, అడిగితే పోయేదేమీ లేదు. చేతి నుంచి కట్టేవాళ్లకు తగ్గించమని అడిగితే తగ్గించడమూ మామూలే. మన కిరాణా కొట్లో బేరమాడటానికి మొహమాటపడనివాళ్లు అక్కడ లక్ష డాలర్ల బిల్లు ముందు నోరు కట్టేసుకోవడం విచిత్రం. ఇంకా పరిస్థితి విషమిస్తే తానా, ఆటా, నాట్స్ లాంటి తెలుగు సంఘాలు ముందుకొస్తాయి, గోఫండ్‌మీలో చందాలు మొదలవుతాయి. మృతదేహాన్ని స్వదేశం పంపే ఖర్చు మాత్రం చాలా విజిటర్ పాలసీల్లోనే ఉంటుందని ఆ చందాలు పోగుచేసే సమయంలో ఎవరికీ గుర్తుండదు.

గ్రీన్‌కార్డు వచ్చాక బెంగ తీరిందనుకుంటారు. నిజానికి అసలైన ఖాళీ అప్పుడే మొదలవుతుంది. పిల్లలు అమెరికా పౌరులై, 21 ఏళ్లు నిండినవాళ్లయితే తల్లిదండ్రులకు గ్రీన్‌కార్డు వేయించొచ్చు, పెద్దగా వరుసలో నిలబడక్కర్లేదు. అలా అరవై అయిదు, డెబ్భై ఏళ్ల వయసులో అడుగుపెట్టే తల్లిదండ్రులు "అరవై అయిదు దాటితే మెడికేర్ వస్తుందట" అన్న మాట పట్టుకుని వస్తారు. పెద్దవాళ్లకిచ్చే ఆ ప్రభుత్వ బీమా వస్తుంది, కానీ అక్కడ పని చేయనివాళ్లు గ్రీన్‌కార్డు మీద ఏకధాటిగా అయిదేళ్లు నివాసం ఉన్నాకే. అప్పుడైనా ఉచితం కాదు. పదేళ్లు, అక్కడి లెక్కలో 40 క్వార్టర్లు పనిచేసి పన్ను కట్టినవాళ్లకే ఆసుపత్రి భాగమైన పార్ట్ ఎ ఉచితం. అసలు పని చేయనివాళ్లకు 2025లో దాని ప్రీమియం నెలకు 518 డాలర్లుండేది, డాక్టర్ల భాగమైన పార్ట్ బికి మరో 185. ఇద్దరికీ కలిపితే నెలకు 1,400 పైమాటే. కొడుకు ఇరవై ఏళ్లుగా కట్టిన పన్ను తల్లిదండ్రుల ఖాతాలోకి రాదు. భార్యాభర్తల్లో ఒకరి పని మాత్రం రెండోవాళ్లకూ లెక్కకొస్తుంది.

అందుకే అక్కడి మన దుకాణాల్లో, గ్యాస్ స్టేషన్లలో గల్లాపెట్టె దగ్గర అరవై ఏళ్ల పెద్దమనుషులు కనిపిస్తే కేవలం కాలక్షేపం అనుకోకండి. 2025లో ఒక క్వార్టరుకు 1,810 డాలర్ల సంపాదన సరిపోయేది, ఏడాదికి 7,240 వస్తే నాలుగు క్వార్టర్లూ జమయ్యేవి. పదేళ్లు అలా గడిస్తే భార్యకూ భర్తకూ పార్ట్ ఎ ఉచితం. యాభై అయిదేళ్లకే గ్రీన్‌కార్డు మీద వచ్చినవాళ్లకు ఇంతకు మించిన ఆరోగ్య బీమా పెట్టుబడి లేదు. డెబ్భైలో వచ్చినవాళ్లకు ఆ దారి లేదు.

ఈ అయిదేళ్ల సందులో ఏం చేయాలి? పేదలకిచ్చే మెడికెయిడ్‌కూ 1996 నాటి చట్టం అయిదేళ్ల అడ్డం పెట్టింది. కాలిఫోర్నియా, న్యూయార్క్ లాంటి రాష్ట్రాలు సొంత డబ్బుతో ఆ అడ్డం తీసేశాయి, టెక్సస్ తీయలేదు. ఫ్రీమాంట్‌లో ఉన్న అమ్మకూ, డాలస్‌లో ఉన్న అత్తగారికీ ఒకే రకం గ్రీన్‌కార్డున్నా వైద్యం ఒకేలా అందదు. మిగతా రాష్ట్రాలవాళ్లకు గట్టి దారి మార్కెట్‌ప్లేస్ పాలసీ. దానికి పాత జబ్బులు అడ్డం రావు, ఏ కంపెనీ అయినా ఇవ్వాల్సిందే, మొదటి రోజు నుంచే వర్తిస్తుంది. విజిటర్ ప్లాన్లకూ దీనికీ పోలికే లేదు. అయినా ఇన్నాళ్ల అలవాటు కొద్దీ గ్రీన్‌కార్డు వచ్చాక కూడా అమ్మానాన్నలకు విజిటర్ ప్లానులే కొంటూ పోయే పిల్లలున్నారు. కొత్తగా హోదా వచ్చిన 60 రోజుల్లోపు మార్కెట్‌ప్లేస్‌లో చేరొచ్చు, ఆ గడువు దాటితే ఏడాది చివరి నమోదు దాకా ఆగాలి. ఈ 60 రోజుల సంగతి గ్రీన్‌కార్డుతో వచ్చే కాగితాల్లో మన కళ్లబడేలా ఎవరూ రాయరు.

ఇక్కడ 2026 నుంచి ఒక తలుపు మూసుకుంది. అప్పటిదాకా అయిదేళ్లు నిండని గ్రీన్‌కార్డుదారులకు ఆదాయం పేదరిక రేఖ కంటే తక్కువున్నా ప్రీమియంలో రాయితీ వచ్చేది. విడిగా పన్ను రిటర్ను వేసుకున్న తల్లిదండ్రులు చాలా తక్కువ ప్రీమియంతో మంచి పాలసీ పొందేవాళ్లు. 2025 జులైలో వచ్చిన చట్టం దాన్ని తీసేసింది. 2026లో రాయితీ కావాలంటే ఇద్దరున్న కుటుంబానికి ఏడాదికి కనీసం 21,150 డాలర్ల ఆదాయం చూపాలి. ఇండియాలో వచ్చే పెన్షన్, అద్దె కూడా లెక్కకొస్తాయి. రిటైరైన హెడ్మాస్టరు గారి పెన్షన్ నెలకు 60,000 రూపాయలనుకుంటే, డాలరు 90 రూపాయల లెక్కన ఏడాదికి 8,000 డాలర్లు. మన ఊళ్లో దర్జాగా బతికించే పెన్షన్ అక్కడ రాయితీకి సరిపోయే పేదరికం దాకా కూడా ఎక్కదు. పోనీ కొడుకు తన పన్నులో వాళ్లను డిపెండెంట్లుగా చూపిస్తే కొడుకు ఆదాయమంతా కలుస్తుంది, సాఫ్ట్‌వేర్ జీతానికి రాయితీ ఎలాగూ రాదు. మిగిలింది పూర్తి ప్రీమియం. కష్టమే, కానీ గుండె జబ్బున్న తల్లిదండ్రులను అయిదేళ్లు అక్కడే ఉంచాలనుకుంటే దాన్ని తప్పించుకునే తెలివైన మార్గం నాకు కనిపించలేదు. గ్రీన్‌కార్డు నిలబెట్టుకోవడం కోసం ఏడాదికి రెండు నెలలు వచ్చిపోయేవాళ్లయితే 'ఏకధాటిగా అయిదేళ్లు' అన్న షరతు దగ్గర వాళ్లకు మెడికేర్ కూడా చిక్కుల్లోనే ఉంటుంది.

హెచ్1బీ మీదున్న పిల్లలు ఈ లెక్కల్లో తమది మరిచిపోతారు. ప్రతి జీతంలోంచీ మెడికేర్ కింద 1.45 శాతం, సోషల్ సెక్యూరిటీ కింద 6.2 శాతం పోతూనే ఉంటుంది. ఇండియాకూ అమెరికాకూ మధ్య ఈ సొమ్ము విషయంలో ఒప్పందం లేదు. ఎనిమిదేళ్లు కట్టి తిరిగొచ్చినవాళ్లకు చేతికి వచ్చేది ఏమీ లేదు.

కెనడా పద్ధతి నాకు నచ్చుతుంది, కనీసం ముందే ముఖాన చెబుతుంది కాబట్టి. తల్లిదండ్రులకూ తాతామామ్మలకూ 2011లో తెచ్చిన సూపర్ వీసా మీద ఇప్పుడు ఒక్కసారి వెళ్తే అయిదేళ్ల దాకా ఉండొచ్చు. షరతుల్లో ఒకటి బీమా: కనీసం లక్ష కెనడియన్ డాలర్లకు, కనీసం ఏడాదికి, ఆసుపత్రి ఖర్చులతో పాటు స్వదేశానికి తిరిగి పంపే ఖర్చుకు కూడా వర్తించేలా ఉండాలి. మొదట్లో కెనడా కంపెనీలదే అయ్యుండాలి. 2025 జనవరి నుంచి అక్కడి నియంత్రణ సంస్థ అనుమతి ఉన్న విదేశీ కంపెనీల పాలసీలనూ ఒప్పుకుంటున్నారు. పాత జబ్బులకు అక్కడి కంపెనీలు వాడే తూకం 'స్టేబుల్' అన్నది. పాలసీ మొదలయ్యే ముందు 90 రోజులో, 180 రోజులో ఆ జబ్బులో మార్పు ఉండకూడదు. మార్పంటే ముదరడం ఒక్కటే కాదు. మందు మార్చినా, మోతాదు పెంచినా, చాలా పాలసీల్లో తగ్గించినా సరే, మార్పు కిందే లెక్క. మన పెద్దవాళ్లు ప్రయాణానికి నెల ముందు చేసే పనేమిటి? ఊళ్లో డాక్టరు దగ్గరికెళ్లి "ఆరు నెలలు ఉండను, ఓసారి అన్నీ చూసి మందులు సరిచేయండి" అంటారు. ఆయన షుగరు మాత్ర 500 నుంచి 1,000కి పెంచుతాడు. వైద్యంగా మంచి పనే. బీమా పరంగా ఆ ఒక్క చీటీతో షుగరుకు సంబంధించిన ప్రతి క్లెయిమూ ప్రశ్నార్థకం అవుతుంది. ఆ చెకప్ ఏదో ఏడు నెలల ముందే చేయించుకుంటే సరి. శాశ్వత నివాసం (పీఆర్) వచ్చాక అక్కడి ప్రభుత్వ వైద్యం అందుతుంది, ఒకటి రెండు రాష్ట్రాల్లో కొద్దినెలలు ఆగాల్సి ఉంటుంది.

బ్రిటన్‌కు చుట్టపుచూపుగా వెళ్లినవాళ్లు అక్కడి ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్ఎస్ ఉచితమనుకోకూడదు. ఎమర్జెన్సీ విభాగంలో చూడటం వరకు ఉచితం, వార్డులో చేరితే మాత్రం విజిటర్లకు ఆసుపత్రి రేటు 150 శాతం. 500 పౌండ్లకు మించిన బాకీ రెండు నెలలు నిలిచిపోతే తర్వాతి వీసాకు ఎసరు. ఉద్యోగానికో, చదువుకో ఆరు నెలలకు మించి వెళ్లేవాళ్లు వీసాతోనే హెల్త్ సర్‌ఛార్జి కట్టేస్తారు, 2024 ఫిబ్రవరి నుంచి పెద్దలకు ఏడాదికి 1,035 పౌండ్లు, విద్యార్థులకు 776. కట్టాక పాత జబ్బు, కొత్త జబ్బు అన్న తేడా లేదు. తల్లిదండ్రులను శాశ్వతంగా తెచ్చుకునే దారి అక్కడ దాదాపు మూసుకుపోయినట్టే కాబట్టి ఆ చర్చ అంతటితో సరి. ఆస్ట్రేలియాతో మనకు పరస్పర వైద్య ఒప్పందం లేదు. శాశ్వత నివాసం చేతికొచ్చేదాకా సొంత బీమా తప్పదు.

గల్ఫ్ కథ వేరు. అక్కడికి తల్లిదండ్రులు కాదు, పని చేసే కొడుకులూ, కోనసీమ నుంచీ కడప నుంచీ ఇళ్లలో పనికి వెళ్లే ఆడవాళ్లూ వెళ్తారు. బీమా ఉద్యోగానికి ముడిపడి ఉంటుంది. దుబాయ్ 2013 నాటి చట్టంతో యజమాని తప్పనిసరిగా బీమా చేయించాలంది. 2025 జనవరి 1 నుంచి యూఏఈలో అప్పటిదాకా ఆ నియమం లేని ఎమిరేట్లకూ అది వచ్చింది, కనీస ప్యాకేజీ ఏడాదికి 320 దిర్హాములు. సౌదీలోనూ ప్రైవేటు ఉద్యోగులకు తప్పనిసరి. చట్టం ఇంత స్పష్టంగా ఉన్నా జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల నుంచి వెళ్లినవాళ్ల విషయంలో చిక్కు చట్టంలో కాదు, కాగితాల్లో ఉంది. ఇకామా అనే నివాస అనుమతి గడువు తీరినా, కంపెనీ మారి పత్రాలు లేకుండా పనిచేస్తున్నా బీమా కూడా ఆ రోజే పోతుంది. విజిట్ వీసా మీద వెళ్లి పనిలో దిగినవాళ్లకు మొదటి నుంచే లేదు. ఉద్యోగం పోతే బీమా పోవడం అమెరికాలోనూ ఉంది, కానీ గల్ఫ్‌లో దానితో పాటు దేశంలో ఉండే హక్కూ పోతుంది. ముప్పై ఏళ్లు పనిచేసినా అక్కడ ముసలితనానికి చోటు లేదు. దుబాయ్ 55 దాటినవాళ్లకిచ్చే రిటైర్మెంట్ వీసా డబ్బున్నవాళ్ల కోసం, దానికీ ఆరోగ్య బీమా షరతే.

ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) పాస్‌పోర్టుతో వెళ్లేవాళ్లకు మన కేంద్ర ప్రభుత్వం 2003లో తెచ్చిన ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంది. రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా అంగవైకల్యం వచ్చినా 10 లక్షలు, ఆసుపత్రి ఖర్చులకు లక్ష వరకు, పనికి పనికిరాడని తేలితే ఇంటికి టికెట్టు. ఆ ధరకు ఇంత రక్షణ ఇంకెక్కడా దొరకదు. అయినా చాలా ఇళ్లలో పాలసీ కాగితం ఎక్కడుందో తెలియదు. ఎమిగ్రేషన్ క్లియరెన్సు కోసం ఏజెంటే చేయించి తన దగ్గరే ఉంచుకుంటాడు. మనిషికి ఏదైనా జరిగాక ఇంట్లోవాళ్లు ఎవరిని అడగాలో తెలియక మండలాఫీసు చుట్టూ తిరుగుతారు. ఇంకో సంగతి, ఇది ప్రధానంగా ప్రమాద బీమా. ఎండలో గుండె ఆగి చనిపోతే ప్రమాదం కిందికి రాదంటారు. గల్ఫ్‌లో మరణించినవాళ్ల కుటుంబాలకు తెలంగాణ ప్రభుత్వం 2024లో ప్రకటించిన 5 లక్షల సాయం ఆ తేడా చూడదు. కాబట్టి దాన్ని విడిగా అడిగి తీసుకోవాలి.

ఇవి కాక సిగ్నా గ్లోబల్, అలియాంజ్, బూపా లాంటి అంతర్జాతీయ కంపెనీల ప్లాన్లు ఏ దేశంలో ఉన్నా వర్తిస్తాయి. అమెరికాను మినహాయిస్తే ప్రీమియం బాగా తగ్గుతుంది. పోర్చుగల్‌లోనో థాయ్‌లాండ్‌లోనో స్థిరపడే యూరప్ రిటైరీల అవసరానికి సరిపోయేవి అవి. తెలుగువాళ్లలో ఆఫ్రికాలో, సింగపూర్‌లో పెద్ద ఉద్యోగాల్లో ఉన్నవాళ్లకు పనికొస్తాయి. పాత జబ్బులున్న డెబ్భై ఏళ్ల మనిషిని అవి తీసుకోవడం కష్టం.

తిరిగి వచ్చేవాళ్ల గురించి ఎవరూ పెద్దగా రాయరు, కానీ డబ్బు ఎక్కువగా పోయేది అక్కడే. అమెరికాలో ముప్పై ఏళ్లుండి హైదరాబాద్‌లో విల్లా కొనుక్కుని దిగేవాళ్లు మెడికేర్ కార్డును జేబులో పెట్టుకొస్తారు. ఆ కార్డు బంజారాహిల్స్‌లో చెల్లదు. మెడికేర్ కొద్దిపాటి మినహాయింపులు తప్పిస్తే అమెరికా బయట ఒక్క డాలరూ ఇవ్వదు. దానికి తోడుగా కొనే మెడిగ్యాప్ ప్లాన్లు కొన్ని విదేశీ ప్రయాణంలో ఎమర్జెన్సీ ఖర్చులో 80 శాతం ఇస్తాయి. అదీ ప్రయాణం మొదలైన 60 రోజుల్లోపు జరిగినదానికే, జీవితం మొత్తానికి 50,000 డాలర్లే. మెడికేర్ అడ్వాంటేజ్‌లో ఉన్నవాళ్లు ఆరు నెలలకు మించి తమ ప్రాంతం వదిలి ఉంటే మామూలుగా పేరే తీసేస్తారు. పార్ట్ ఎ ఉచితంగా వచ్చినవాళ్లు దాన్ని అలాగే ఉంచుకోవచ్చు. పార్ట్ బి దగ్గరే తర్జనభర్జన. ఇండియాలో ఉంటూ వాడని బీమాకు నెలనెలా కట్టడం దండగనిపిస్తుంది. మానేసి మళ్లీ ఎప్పుడో చేరితే, చేరకుండా గడిచిన ప్రతి పన్నెండు నెలలకూ ప్రీమియం మీద 10 శాతం జరిమానా, బతికున్నంతకాలం. చేరడానికీ ఏడాదిలో జనవరి నుంచి మార్చి దాకానే అవకాశం. పిల్లలు అక్కడుండి, ముదిమిలో వాళ్ల దగ్గరికే వెళ్లిపోతామనుకునేవాళ్లు కడుతూ ఉండటమే మేలు. శాశ్వతంగా వచ్చేశామని ఖాయం చేసుకున్నవాళ్లు ఆ డబ్బును ఇక్కడి పాలసీకి మళ్లించొచ్చు. రెంటి మధ్య ఊగేవాళ్లకే నష్టం.

ఇక్కడి పాలసీ విషయంలో 2024 నుంచి మంచి మార్పులే వచ్చాయి. 65 దాటితే కొత్త పాలసీ ఇవ్వమనే రోజులు 2024 ఏప్రిల్‌తో పోయాయి. పాత జబ్బులకు ఆగాల్సిన గడువు గరిష్ఠంగా మూడేళ్లకు తగ్గింది, అయిదేళ్లు నిరాటంకంగా కట్టినవాళ్ల క్లెయిమును మోసం రుజువైతే తప్ప పాత వివరాలు దాచారని తిరస్కరించలేరు. పెద్దవాళ్ల ప్రీమియాన్ని నియంత్రణ సంస్థను అడగకుండా ఏడాదికి 10 శాతానికి మించి పెంచకూడదని 2025 జనవరిలో ఆదేశం వచ్చింది. అదే ఏడాది సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద 18 శాతం జీఎస్టీ ఎత్తేశారు. ఎన్నారైలూ, ఓసీఐ కార్డున్నవాళ్లూ కూడా ఇక్కడ పాలసీ కొనొచ్చు. అయితే మూడేళ్ల గడువు పాలసీ కొన్న రోజు నుంచే మొదలవుతుంది, విమానం దిగిన రోజు నుంచి కాదు. 62లో తిరిగొద్దామనుకున్నవాళ్లు 58లోనే కొని ప్రీమియం కడుతుంటే, దిగేసరికి ఆ గడువు కరిగిపోయి ఉంటుంది. అలాగే అమెరికా వెళ్లే తల్లిదండ్రులు "అక్కడ ఇన్సూరెన్సు ఉందిగా" అని ఇక్కడి పాలసీ రెన్యువల్ వదిలేయడం నేను చూసినవాటిలోకెల్లా ఖరీదైన పొదుపు. గ్రేసు గడువు 30 రోజులు దాటితే పోగుచేసుకున్న ఏళ్లన్నీ పోయి మళ్లీ సున్నా నుంచి మొదలు.

70 నిండినవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఏడాదికి కుటుంబానికి 5 లక్షల దాకా వైద్యం చేయించే ఆయుష్మాన్ భారత్ కార్డు 2024 అక్టోబరు నుంచి ఉంది. ఆధార్ ఉన్న అమ్మానాన్నలు ఊళ్లో ఉన్నప్పుడే చేయించుకోవాల్సిన పని అది. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లు దీన్ని లెక్కలో పెట్టుకోకూడదు. గల్ఫ్ నుంచి తిరిగొచ్చినవాళ్లలో రేషన్ కార్డున్న కుటుంబాలకు తెలంగాణలో 10 లక్షల ఆరోగ్యశ్రీ, ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవ ఉన్నాయి. కొడుకు గల్ఫ్‌లో ఉన్నాడని కార్డులో పేరు తీయించుకున్న ఇళ్లు, వాడు కిడ్నీలు పాడై తిరిగొచ్చాక దాన్ని మళ్లీ ఎక్కించడానికి తిరుగుతుంటాయి.

ఇన్ని పథకాలూ, పాలసీలూ కలిపినా ముసలితనంలో అన్నిటికంటే పెద్ద ఖర్చు వాటి బయటే ఉంది. పక్షవాతం వచ్చి మంచాన పడ్డ మనిషికి మెడికేర్ మూడు రోజులు ఆసుపత్రిలో ఉన్నాక నర్సింగు కేంద్రంలో 100 రోజుల వరకు చూస్తుంది, ఆ తర్వాత లేదు. పళ్లు, కళ్లజోడు, వినికిడి యంత్రం దాని లెక్కలోనే లేవు. ఇక్కడి పాలసీలు ఆసుపత్రిలో చేరితేనే తెరుచుకుంటాయి. హైదరాబాద్‌లోనో, విజయవాడలోనో ఇంటికొచ్చి పగలూ రాత్రీ చూసుకునే మనిషికి నెలనెలా ఇచ్చే జీతాన్ని మామూలు పాలసీల్లో ఏదీ భరించదు. పిల్లలు అక్కడా, తల్లిదండ్రులు ఇక్కడా ఉన్న ఇళ్లలో ఇప్పుడు ప్రీమియం కంటే పెద్ద మొత్తం ఇదే. దాన్ని విడిగా ఒక ఖాతాలో వేసిపెట్టుకుంటున్న కుటుంబాలు కొన్నే ఉన్నాయి. మిగతావాళ్లు మొదటి నెల జీతం అడిగినప్పుడు వాట్సాప్ గ్రూపులో ఎవరి వాటా ఎంత అని మొదలుపెడుతున్నారు.